పంతొమ్మిది తేడాలు

నాచారం పారిశ్రామిక వాడలో నేను పదహారేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. ఇన్‌స్పెక్టరంటే పోలీసు అనుకునేరు. ఆసుపత్రి మంచాలు, స్ట్రెచర్లు, చక్రాల కుర్చీలు చేసే ఫ్యాక్టరీ మాది. తయారైన సరుకును కొలిచి, డ్రాయింగుతో సరిపోయిందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. ఈ ఉద్యోగంతో మనిషికి ఒక పాడు అలవాటు అంటుకుంటుంది. బాగున్నది కంటికి ఆనదు, తేడా ఉన్నదే ఆనుతుంది. మా రిపోర్టు ఫారంలో కూడా తేడాలు రాయడానికే గడులుండేవి. బాగున్నదాని గురించి రాయడం కాగితం దండగ అని నాకు పని నేర్పినాయన అనేవాడు. ఇంట్లోనూ నేనంతే. కూరలో ఉప్పు సరిపోయిన రోజున నోరు మూసుకుని తిని లేచేవాణ్ణి, సరిపోని రోజున మాత్రం మాట్లాడేవాణ్ణి. "మీరేమీ అనలేదంటే బాగుందని అర్థం చేసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది" అనేది మా ఆవిడ.

అలాంటివాడి చేతికి ఒక మోటార్ సైకిల్ ఇచ్చి బాగోగులు తేల్చమన్నారు. తేల్చాను. తేల్చినదానికి ఇప్పటికీ నా మీద నాకు కోపం పోలేదు.

మా దగ్గర పైపులు వంచి వెల్డింగ్ చేసే మేస్త్రీ ఒకడుండేవాడు. మల్లాపూర్ మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నా కాంట్రాక్టు కూలీ కిందే జమ. అతను వేసిన అతుకు మీద బొటనవేలు పెట్టి పాముతూ పోతే వేలు ఎక్కడా ఆగేది కాదు. మిగతావాళ్ళ సరుకుకు నేను పేజీలకు పేజీలు రాసేవాణ్ణి. అతని సరుకుకు ఫారం ఖాళీగా వెళ్ళేది. పదేళ్ళలో అతను నా దగ్గర పొందిన మెప్పు ఆ ఖాళీ గడులే.

రెండువేల ఆరో ఏడో అయ్యుంటుంది. ఒక శనివారం అతను ఫ్యాక్టరీకి చాపర్ మీద వచ్చాడు. ముందు చక్రం బాగా ముందుకు సాగి, హ్యాండిల్ పైకి లేచి, సీటు కిందికి దిగి, మనిషి వెనక్కి వాలి కూర్చుని నడిపే బండిని చాపర్ అంటారు. అప్పట్లో టీవీలో చూడడమే గాని మా వైపు ఎవరికీ ఉండేది కాదు. తుక్కులో దొరికిన పాత ఇంజినొకటి కొని, ఫ్రేము దగ్గర్నుంచీ అన్నీ తనే వంచి, అతికి, రెండేళ్ళ ఆదివారాలు కూర్చి దాన్ని తయారుచేశాడట.

అందరూ చుట్టూ మూగి నిలబడి చూస్తుంటే, నన్ను మాత్రం పది అడుగుల వెనక్కి లాక్కుపోయాడు.

"కూసోని సూడున్రి సార్. నిలబడి సూస్తే బండి అబద్ధం జెప్తది" అన్నాడు.

గొంతుక్కూర్చుని చూశాను. హ్యాండిల్ మెడ దగ్గర మొదలైన గీత ట్యాంకు కిందుగా, సీటు కిందుగా సాగి, వెనక చక్రం ఇరుసు దాకా తెగకుండా ఒక్క గీతగా దిగింది. ఎక్కడ అతికాడో తెలియలేదు. క్రోమ్ పూత లేదు, రంగుల మంటలు లేవు, ఉత్త నల్లరంగు. అక్కరలేని వస్తువు దాని మీద ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో దేన్ని తీసినా బండి చెడుతుంది. ఇక్కడా, అంతకుముందు వేరేచోటా కలిపి ఇరవై ఏళ్ళు ఇనుమును కొలిచినవాణ్ణి, ఇనుము ఇంత అందంగా ఉండగలదని ఆ రోజు దాకా నాకు తెలియదు.

"ఎట్లున్నది సార్?"

"వెనక మడ్‌గార్డు రెండు మిల్లీమీటర్లు ఎడమకుంది" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. "గంతేనా? అయితే మస్తుగున్నట్టే."

మా ఓనరు కూడా చూశాడు. ఆయనదీ నాదీ గోదావరి పక్కే. ఉప్పల్లో ఒకే వీధిలో కొన్నాళ్ళు అద్దెకున్నాం కూడా. ఆయన ఎదిగాడు, నేను ఆయన దగ్గర ఉద్యోగంలో చేరాను. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ జేబుల్లో డబ్బులు గలగలమంటున్న రోజులవి. మంచాలు చేసి ఎవరు బాగుపడ్డారు, ఈ బండి చేస్తే బాగుపడతామని ఆయనకు తోచింది. దసరాకు మిషన్లకు పూజ చేసి గుమ్మడికాయ కొట్టాక, అందరి ముందూ మాటిచ్చాడు. ఈ బండి మన ఫ్యాక్టరీ చేస్తుంది, డిజైన్ మేస్త్రీది కనుక ప్రతి బండి మెడ మీద ఇత్తడి ప్లేటు వేసి అతని పేరు చెక్కిస్తాను, కొత్త షెడ్డుకు ఫోర్‌మన్ అతనే, పర్మనెంటు కూడా చేస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఫోర్‌మన్ మాట కంటే ప్లేటు మాట అతనికి ఎక్కువ పట్టిందని నాకు తెలుసు. తర్వాత నాలుగైదు రోజులు, పేరు తెలుగులో చెక్కుతారా ఇంగ్లీషులోనా అని నన్ను అడుగుతూనే ఉన్నాడు.

బండిని కొలతలకు ఇవ్వడానికి మాత్రం కొన్ని వారాలు నాన్చాడు. చివరికి ఒక సోమవారం తెచ్చి నా గదిలో నిలబెట్టి, తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. రెండు రోజులు కూర్చుని అంగుళం వదలకుండా కొలిచాను. డ్రాయింగులు గీశారు. పైపులన్నీ ఒకే తీరున వంగడానికి అచ్చులు చేశారు.

ఈలోగా సిటీలో షోరూమున్న డీలరు ఒకడు తగిలాడు. మనిషి మీద కంటే ఫొటోల మీద నమ్మకం ఎక్కువ అతనికి. ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్కు ఇంకా సాగాలన్నాడు, సాగదీశారు. వెనక టైరు ఇంకా లావుండాలన్నాడు, లావు చేశారు. సీటు ఇంకా దించారు, ట్యాంకు చిన్నది చేశారు, కనిపించిన ప్రతిదానికీ క్రోమ్ పూశారు. ఇంజిను పక్కన ఖాళీ ఉంటే బాగాలేదని లోపల ఏమీ లేని ఒక ఉత్తుత్తి డబ్బా బిగించారు. ఎండలు ముదిరేసరికి మొదటి బండి బయటికొచ్చింది. కస్టమ్ చాపర్ అని పేరు పెట్టారు. కస్టమ్ అంటే దర్జీ దగ్గర కొలతలిచ్చి మన ఒంటికి కుట్టించుకున్న చొక్కాలాంటిదని నేననుకునేవాణ్ణి. మావాళ్ళు ఒకే అచ్చులో పన్నెండు తీసి పన్నెండింటికీ కస్టమ్ అనే చీటీ అంటించారు. చేత్తో చేసినదని చెప్పి అమ్ముదామన్నాడు డీలరు. చేత్తో చేసిన బండి నా గదిలో దుప్పటి కప్పుకుని ఉంది.

నడిపి చూడమన్నారు. నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ దాకా, అక్కడ్నుంచి నాగోల్ దాకా పోయి వచ్చాను. తిన్నగా పోయినంతసేపూ రాజాలాగే ఉంది. రోడ్డు పక్కన టీ తాగేవాళ్ళు గ్లాసులు దించి చూశారు. స్పీడ్ బ్రేకరొచ్చిన ప్రతిసారీ బండి పొట్ట గీసుకుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వెనక్కి తిప్పబోతే ముందు చక్రం ఒక పక్కకు ఒరిగిపోయి, మూడుసార్లు కాళ్ళు నేలకానించి ముందుకూ వెనక్కీ తోసుకోవలసి వచ్చింది. వెనక సిటీ బస్సు డ్రైవరు తిట్టిన తిట్లు న్యాయమైనవే. సైలెన్సరు పిక్కను కాల్చింది. నాగోల్ చేరేలోపు రెండు చోట్ల పెట్రోలు ముల్లు చూసుకున్నాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే.

మర్నాడు మేస్త్రీ బండి తీసుకుని అదే దారిలో పోయాను. అది ఎక్కడా గీసుకోలేదు, ఎక్కడా ఒరగలేదు. రింగ్ రోడ్డు దగ్గర ఒక్క చుట్టులో తిరిగింది. ఫోర్కు ఎంత సాగాలో, సీటు ఎంత దిగాలో అతను పుస్తకంలో చూసి చేయలేదు. మల్లాపూర్ గుంతలకు, నాచారం స్పీడ్ బ్రేకర్లకు కొలిచి చేశాడు. మా ఫ్యాక్టరీ బండిలో బాగున్నదంతా అతనిదే. చెడ్డదంతా మేం కలిపింది.

ఈ మాట అతనికి చెప్పాను కూడా. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి, ఎన్నడూ లేనిది నోరు తెరిచి చెప్పాను. "బండి నీది మేస్త్రీ. మేం పాడు చేసి అమ్ముతున్నాం, అంతే" అన్నాను.

అతను టీ గ్లాసు వంకే చూస్తూ, "గదే రాయున్రి సార్ కాయితం మీద. నాకు గది సాలు" అన్నాడు.

"రాస్తాలే" అన్నాను.

వారం తిరక్కుండా ఓనరు పిలిచాడు. గదిలో ఆయనా, డీలరూ ఉన్నారు. కాఫీ తెప్పించాడు.

"మాస్టారూ, మన మొదటి పీసుకూ మేస్త్రీ బండికీ ఉన్న తేడాలన్నీ వరసగా రాసివ్వండి. మీ పద్ధతిలోనే. ఒక్కటీ వదలొద్దు."

ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ రెండు వస్తువుల మధ్య తేడాలు రాయమనలేదు. డ్రాయింగుకూ సరుకుకూ మధ్యనే రాయమనేవారు. అదెందుకో అడగాలి. అడిగితే ఆయన చెప్పేవాడు. చెబితే రాయడం కష్టమయ్యేది. అందుకని అడగలేదు. కాఫీ తాగి గదికొచ్చి, టేపూ కోణమానీ బయటికి తీశాను.

పని మాత్రం శుభ్రంగా చేశాను, అందులో అనుమానం లేదు. ఫోర్కు వాలు ఆరు డిగ్రీలు ఎక్కువ. సీటు మూడు అంగుళాలు తక్కువ. ట్యాంకు సగం. వెనక టైరు వెడల్పు, సైలెన్సరు వంపు, హ్యాండిల్ ఎత్తు, ఉత్తుత్తి డబ్బా, అన్నీ రాశాను. పంతొమ్మిది తేడాలు తేలాయి. ప్రతి తేడాకూ కొలత ఉంది, ప్రతి కొలతా నిజం. మెడ నుంచి ఇరుసు దాకా దిగే ఆ ఒక్క గీత రెండు బండ్లలోనూ ఒకటే. రెండూ పక్కపక్కన పెడితే గుడ్డివాడు తడిమి చెప్పగలడు. కానీ ఒకటే ఉన్నది రాయడానికి మా ఫారంలో గడి లేదు. కింద సగం పేజీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో రెండు వాక్యాలు రాసుంటే సరిపోయేది. ఆ ఖాళీ వంక చాలాసేపు చూసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టాను. ఖాళీ స్థలం మీద అలా గీత కొట్టడం మా పద్ధతి. తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా.

రెండు రోజుల తర్వాత మేస్త్రీని ఆఫీసులోకి పిలిచారు. నన్నూ కూర్చోమన్నారు. ఓనరు నా రిపోర్టు చేతిలో పట్టుకుని ఒక్కొక్క తేడా చదివాడు. చదవడం అయ్యాక కాగితం బల్ల మీద పెట్టాడు.

"చూడు మేస్త్రీ, ఇది నేనంటున్నది కాదు. మీ సారే కొలిచి రాశాడు. పంతొమ్మిది తేడాలున్న బండి నీ డిజైన్ ఎలా అవుతుంది? నీ బండి చూసి మాకు ఉత్సాహం కలిగింది, కాదనను. డిజైన్ మాత్రం కంపెనీదే. ప్లేటు మీద కంపెనీ పేరే ఉంటుంది."

మేం చేసిన చెడుగులన్నీ లెక్కపెట్టి, అవి అతనివి కావు కనుక బండి అతనిది కాదని తేల్చారు. దానికి నా సంతకమే సాక్ష్యం. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

మేస్త్రీ ఓనరుతో ఏమీ వాదించలేదు. నా వైపు చూశాడు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండొచ్చు. బల్ల మీది కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. "సరే సేటు" అని అతను లేచి, నా గదికి పోయి, దుప్పటి తీసి మడిచి కుర్చీ మీద పెట్టి, బండి తోసుకుంటూ గేటు దాటాడు. స్టార్టు కూడా చేయలేదు. కొత్త షెడ్డుకు ఓనరు బావమరిది ఫోర్‌మన్ అయ్యాడు. ఆ ఏడాది నాకు ప్రమోషనొచ్చింది. వద్దనలేదు.

తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరింది. బందులు, ర్యాలీలు, ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేవి. మేస్త్రీతో పనిచేసిన కూలీలు నాకు వినిపించేలా, "ఆంధ్రోళ్ళు ఆంధ్రోళ్ళు ఒక్కటై మేస్త్రి నోట్ల మన్ను గొట్టిన్రు" అనుకునేవారు. ఇంటికొచ్చి మా ఆవిడతో ఇదెంత అన్యాయమో చెప్పి చిందులు తొక్కేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు మేలే చేసింది. ప్రాంతం పేరు పెట్టి తిడితే నేను దెబ్బ తిన్నవాణ్ణి అయిపోవచ్చు. నా పేరు పెట్టి తిట్టి ఉంటే ఎటు తిరిగేవాణ్ణో తెలియదు. ఓనరు నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, ఊరి మాట కూడా ఎత్తలేదు. ఒక కాఫీ ఇప్పించి పని చెప్పాడు, అంతే.

పన్నెండు బండ్లలో ఏడు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళు కొన్నాళ్ళు ఫొటోలు దిగి, నడపలేక మూలన పెట్టారు. మేస్త్రీ తన బండిని ఏం చేశాడని అడిగితే, కోసేసి పైపులు కిటికీ గ్రిల్లులకు వాడేశాడని అతని పక్క వీధిలో ఉండే కూలీ చెప్పాడు. మెట్రో స్తంభాలు ఉప్పల్ దాటి నాగోల్ దాకా లేస్తుంటే, ఫ్యాక్టరీ కంటే దాని కింద నేల ఖరీదని ఓనరుకు అర్థమైంది. మిషన్లమ్మి, స్థలాన్ని అపార్ట్‌మెంట్లకిచ్చేశాడు. మమ్మల్ని లెక్కలు తేల్చి పంపించేశాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, వానలు మొదలయ్యాక, మా ఇంటి గేటు తుప్పుపట్టి ఊడింది. ఉప్పల్లో అడుగుకొక వెల్డింగ్ షాపుంది. నేను మల్లాపూర్ పోయాను. మేస్త్రీ ఒక అద్దె షెడ్డులో గేట్లూ, గ్రిల్లులూ చేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేసి, టీకి పంపించాడు.

"ఎట్లున్నరు సార్? అమ్మ మంచిగున్నదా?" అని మా ఆవిడ గురించి కూడా అడిగాడు.

గేటు కావాలన్నాను. ఎలాంటిదంటే నీ ఇష్టమన్నాను. సుద్దముక్కతో నేల మీద గీయడం మొదలుపెట్టాడు. నాలుగు గీతలు గీసేసరికే గేటు కళ్ళకు కట్టింది. చేయి తిరిగిన తీరు అలాగే ఉంది. అది చూస్తూ ఉండలేక, ఏడేళ్ళుగా కూడబెట్టుకున్న మాట అనేశాను.

"మేస్త్రీ, ఆ రిపోర్టు... అది దేనికో నాకు తెలియక రాశాను."

గీయడం ఆపాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"గట్లనకున్రి సార్. సేటు గా బండి ఇయ్యమని నన్ను మూడు వారాలు అడిగిండు. నేనియ్యలె. ఇంట్ల గూడ ఇయ్యొద్దన్నరు. ఆఖరుకు, కొలిచేది మీ సారే అన్నడు. గప్పుడిచ్చిన. మీరు గాకుంటే ఇచ్చేటోణ్ణే గాదు."

అతను సుద్దను వేళ్ళ మధ్య తిప్పుతూ మళ్ళీ అన్నాడు.

"మీరు తెలిసి రాసిన్రంటే నాకు పోయింది ఒక్క బండే సార్. తెల్వక రాసిన్రంటే, పదేండ్లు నేను నా పని ఎవ్వని ముంగట పెట్టినట్టు?"

షెడ్డు పైరేకుల మీద వాన పడుతోంది. కోపం లేదు అతని గొంతులో. జవాబు కోసం ఆగాడు.

"తెలిసే రాశాను" అన్నాను.

తల ఊపాడు. గేటు వెడల్పెంత అని అడిగాడు. చెప్పాను. నేల మీద రాసుకున్నాడు.